తొక్కు చూసి పీలరు మెచ్చిన అత్త

మొన్న పొద్దున్నే మా బావ ఫోన్ చేశాడు. బావ అంటే మా మేనత్త కొడుకు, సోలార్ పార్కులో గేటు దగ్గర సెక్యూరిటీ. మామూలుగా ఫోన్లో ఒక్క మాటా తిన్నగా చెప్పడు. ఊ అంటాడు, ఏం లేదులే అంటాడు, పెట్టేస్తాడు. ఆ రోజు మాత్రం నేరుగా విషయానికి వచ్చేశాడు. "అమ్మ దినాలకు ఆమెకు ఇష్టమైనవన్నీ ఆకులో పెట్టల్ల కదా. పాయసం, వడలు ఇంట్లో చేసుకుంటాం. ఆ తొక్కు పచ్చడి మాత్రం నువ్వే వచ్చి చెయ్యల్లమ్మా" అన్నాడు.

సరే బావా అని ఫోన్ పెట్టేసి, కుట్టుమిషన్ ముందు కూర్చుని నవ్వడం మొదలుపెట్టాను. జాకెట్టు కొలతలు ఇవ్వడానికి వచ్చిన ఆమె బిత్తరపోయింది. దినాల గురించి ఫోన్ వస్తే ఇలా నవ్వేవాళ్ళను ఆమె పావగడ మొత్తంలో చూసి ఉండదు. ఏం చేయను మరి. మా అత్తను తలుచుకుంటే ముందు నవ్వే వస్తుంది. మిగతావన్నీ దాని వెనక నిదానంగా వస్తాయి.

మా అత్త ఎప్పుడూ అందరూ చూసేది చూడలేదు. చీరల అంగట్లో కూర్చుంటే పైట అంచు ఎవరికి కావాలంటుంది, చీర తిరగేసి లోపలి దారాలు చూస్తుంది. నన్ను చూసుకోవడానికి పెళ్ళికొడుకు వచ్చిన రోజు ఇంటిల్లిపాదీ అతని ముఖంలోకి గుచ్చి గుచ్చి చూస్తుంటే, ఈమె నెమ్మదిగా గడప దాటి పోయి అతను విడిచిన చెప్పులు చూసి వచ్చింది. మడమల దగ్గర రెండూ ఒకే తీరుగా అరిగాయట. "నెమ్మదస్తుడే అమ్మీ, చేసుకో" అని నా చెవిలో చెప్పింది. ఆ చెప్పులాయననే చేసుకున్నాను. ఇప్పటికీ ఆయన నెమ్మదస్తుడే. ఇంట్లో నోరంతా నాదే.

ఇంక కూరగాయల దగ్గరికొస్తే ఆమె చూపంతా తొక్కు మీదే. బీరకాయ చెక్కు తీస్తే మనమంతా కాయ నున్నగా వచ్చిందా అని చూస్తాం. ఆమె కాయను పక్కన పడేసి తొక్కును చూపుడువేలి మీద వేలాడేసేది. అది విరగకుండా రెండు వైపులా మెత్తగా వాలాలి. తర్వాత ఒక కన్ను మూసి దాన్ని ఎండకు ఎత్తేది. "ఎలుతురు రావల్ల, సూరీడు కనపడగూడదు." అదీ ఆమె లెక్క. సూర్యుడు కనపడ్డాడంటే తొక్కు మరీ పలచన, నూరితే పచ్చడిలో నోటికి ఏమీ తగలదు. వెలుతురే రాలేదంటే మరీ మందం, కూరకు పోవాల్సిన కండ తొక్కుతో లేచి వచ్చేసిందన్నమాట. ఈ రెంటికీ నడుమ ఒక మందం ఉంది. దర్జీదాన్ని కాబట్టి నా భాషలో చెబుతాను, లైనింగు గుడ్డంత. ఆ మందంలో తొక్కు వస్తే ఆమె ముఖం వెలిగిపోయేది.

ఆ తొక్కును నూనెలో మగ్గబెట్టి, వేయించిన చెనక్కాయలు, ఎండుమిరపకాయలు, చింతపండు, ఉప్పు, రెండు వెల్లుల్లి రెబ్బలు వేసి రోట్లో కచ్చాపచ్చాగా నూరేది. వేడి వేడి రాగిసంగటి ముద్దలో గుంట చేసి అందులో ఈ పచ్చడి పెట్టుకుని తిన్నవాడు ఇంక లేవడు. మా వైపు పెళ్ళయినా గృహప్రవేశమైనా ముందురోజు ఊళ్ళో ఆడవాళ్ళంతా కత్తిపీటలు తెచ్చుకుని పెరట్లో కూర్చుంటారు. కూరగాయలు తరగడం, కబుర్లు, ఎవరి కోడలు ఎవరిని ఏమందో అన్నీ అక్కడే. ఆ గుంపుకు మా అత్తే పెద్ద. తాంబూలం ముందు ఆమెకే వచ్చేది. పంక్తిలో కూర్చునే బంధువులకు బీరకాయ కూర పోతుంది. తొక్కు పచ్చడి మాత్రం పెరట్లో పనిచేసిన వాళ్ళకే. అది కట్టుబాటు. రుచి తెలిసిన మగవాళ్ళు పంక్తిలో ఆకు ముందు కూర్చున్నట్టే కూర్చుని, సందు చూసుకుని పెరట్లోకి జారుకునేవాళ్ళు. మా నాన్న పెళ్ళికొడుకు తండ్రితో మాట్లాడుతూ మాట్లాడుతూ మాయమైన సందర్భాలు నాకు తెలుసు.

నాగలమడిక దాటాక ఉన్న వాళ్ళ ఊళ్ళో చేలన్నీ సోలార్ ప్లేట్ల కిందికి పోయాయి. అత్త వాళ్ళ చెనక్కాయ చేను కూడా పోయింది. అప్పటిదాకా ఆమె చేతులకు తీరిక ఉండేది కాదు. కలుపు తీయడం, కాయలు కోయడం, వలవడం, ఏడాది పొడుగునా ఏదో ఒకటి. కౌలు రాసిచ్చాక ఆ చేతులకు హఠాత్తుగా పనిలేకుండా పోయింది. "భూమినే గాదు అమ్మీ, ఎండను గూడా కౌలుకిచ్చేసినాం" అని నవ్వేది. తొక్కును ఆకాశానికి ఎత్తినప్పుడల్లా, ప్లేట్లకు పోగా మిగిలిన ఎండ మనకు చాల్లే అనేది. చేను పోయాక ఆమెకు పెళ్ళిళ్ళ పెరడే చేను అయిపోయింది. పిలవని పెళ్ళికి కూడా పోయి కూర్చునేదని బావ గింజుకునేవాడు.

అంతా బాగుందనుకునేలోపు మా పుట్టింటి ఊరు మంగళవాడలో ఒక గృహప్రవేశంలో కత్తిపీట ఆమె ఎడమ బొటనవేలు కోసేసింది. చాలా లోతుగా తెగింది. గాయం మానింది గానీ వేలు వంగడం మానేసింది. కత్తిపీట మీద కాయను రెండు చేతులతో అదిమి పట్టాలి కదా, ఆ పట్టు పోయింది. ఆ తర్వాతి పెళ్ళిలో ఆమె మామూలుగా కత్తిపీట చంకన పెట్టుకుని పోతే, పక్కింటి కోడలు ఎంతో ప్రేమగా దాన్ని చేతిలోంచి తీసుకుందట. "ఈసారికి నువ్వు ఊరికే కూర్చో పెద్దమ్మా, మేం చేస్తాం కదా" అందట.

ఆ మాట అత్తకు ఎక్కడ తగిలిందో నేను చూశాను. ఆ సాయంత్రమే మంగళవాడకు మా ఇంటికి వచ్చేసింది. కాఫీ కూడా ముట్టలేదు. "ఊరికే కూర్చోవాలంటే పటంలో కూర్చుంటాలే. అంతవరకు నా చేతికి పని ఉండల్ల" అంది. అంతలో మా నాన్న లోపలినుంచి వచ్చి, నా పెళ్ళికి హిందూపురం నుంచి వంటవాళ్ళను కాంట్రాక్టుకు మాట్లాడేశానని, కూరగాయలు తరగడం దగ్గరనుంచి అంతా వాళ్ళే చూసుకుంటారని చెప్పి, "నువ్వు చక్కగా పట్టుచీర కట్టుకోని ఊరికే కూర్చో అక్కా" అన్నాడు. పాపం ఆయన మర్యాదకే అన్నాడు. అత్త ఆయన వైపు చూసిన చూపుకు నాకే భయమేసింది.

ఆ క్షణంలోనే ఆమె నిర్ణయించుకుందని నాకు తర్వాత తెలిసింది. కత్తిపీట కుదరకపోతే పీలరు. కాయను ఎడమ అరచేత్తో తొడకు ఆనించి పట్టుకుని కుడిచేత్తో గీక్కోవచ్చు, దానికి బొటనవేలితో పనిలేదు. నా పెళ్ళి పెరట్లో ఆమె కూర్చోవాలి, చెక్కు తీయాలి, పచ్చడి నూరాలి. లేకపోతే ఇంక ఏ పెరట్లోనూ ఎవరూ ఆమెకు చోటివ్వరు. పెళ్ళికూతురి సొంత అత్తకే పని చెప్పలేదని తెలిస్తే వేరేవాళ్ళు చెబుతారా? కాబట్టి పెళ్ళిలోపు మంచి పీలరు దొరకాలి. మంచిదంటే ఏమిటో మీకు తెలిసిందే, తొక్కు చెబుతుంది.

మొదటి ప్రయత్నం నాగలమడిక పరసలో, అంటే తిరునాళ్ళలో జరిగింది. రథం ముందు కొబ్బరికాయ కొట్టి వస్తుంటే ఒకాయన బల్ల వేసుకుని, చెవి దగ్గర మైకు తగిలించుకుని పీలర్లు అమ్ముతున్నాడు. కారెట్టు మీద సర్రున లాగుతాడు, నారింజ రంగు చుట్టలు చుట్టలుగా ఊడిపడుతుంది, నున్నటి కారెట్టును జనానికి చూపిస్తాడు. జనం నోళ్ళు తెరుచుకుని కారెట్టును చూస్తున్నారు. మా అత్త చటుక్కున కిందికి వంగి బల్ల కిందికి దూరిపోయింది.

పక్కనున్న ఆమె, అయ్యో ముక్కుపుడక పోయినట్టుంది అంది. అంతే. చుట్టూ ఉన్నవాళ్ళంతా వంగి వెతకడం మొదలుపెట్టారు. ఒకాయన చెప్పులు విడిచి జాగ్రత్తగా నడుస్తున్నాడు. ఇంకొకామె పిల్లల్ని దూరంగా లాగుతోంది. అమ్మే ఆయన కూడా కారెట్టు పక్కన పెట్టి, ఎవరూ తొక్కొద్దు, ఎవరూ కదలొద్దు అని మైకులో చెబుతున్నాడు. నాకు నవ్వు ఆగక స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు మా అత్త బల్ల కిందినుంచి మట్టి దులుపుకుంటూ లేచింది. చేతిలో కారెట్టు తొక్కు. వేలి మీద వేసి, ఒక కన్ను మూసి, ఎండకు ఎత్తింది. జనమంతా ఆమె వేలి వంక, ఆపైన ఆకాశం వంక చూశారు.

"కత్తి బాగుండాదిప్పా. తొక్కే బాగలేదు" అంది.

తొక్కు పారేసేదే కదమ్మా అన్నాడాయన. అత్త నిజంగా జాలిపడింది. మీ ఇంట్లో ఎవరూ చెప్పలేదా నాయనా అని దగ్గరికి జరిగి అడిగింది. అది అతని మైకులో పడి పరస అంతా వినపడింది. ఆపైన సంచిలోంచి బీరకాయ తీసింది. ఈమె సంచిలో బీరకాయ ఎందుకుందని అడక్కండి, ఆ రోజుల్లో ఎప్పుడూ ఉండేది. కారెట్టు ఎవరైనా గీకుతారు, దీన్ని గీకి చూపీ అంది. పాపం గీకాడు. రెండు లాగులకే గరుకు తొక్కు బ్లేడు సందులో ఇరుక్కుపోయి ఆయన గోటితో పీక్కోవాల్సి వచ్చింది. జనం నవ్వారు. అత్త మాత్రం నవ్వలేదు. ముఖం వాడిపోయింది. ఇంటికి వచ్చే బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుని, వంగని ఆ బొటనవేలిని కుడిచేత్తో రుద్దుకుంటూనే ఉంది.

పెళ్ళి బట్టలకు మేమంతా పావగడకు వచ్చిన రోజు శనివారం. శనిదేవుని గుడికి వచ్చిన జనంతో బజారు కిటకిటలాడుతోంది. మా అమ్మ, నాన్న చీరల అంగట్లో కూర్చున్నారు. నా ఒళ్ళో రెండు పట్టుచీరలున్నాయి, ఏది తీసుకోవాలో తేలడం లేదు. అత్త నా మోచెయ్యి పట్టుకుని లేపింది. "చీర యాడికీ పోదు, దా" అంది. పెళ్ళికూతురిని పట్టుచీరల మధ్యలోంచి లేపి పాత్రల అంగడికి లాక్కుపోయిన అత్త మా తాలూకాలో ఇంకొకామె ఉంటే చూపించండి.

అంగడాయన ఓపికగలవాడు. ఉన్న పీలర్లన్నీ బల్ల మీద పరిచాడు. చేతికి ఇవ్వబోతే అత్త చెయ్యి వెనక్కి తీసుకుంది. కత్తి, ఉప్పు, మిరపకాయ చేతిలోంచి చేతికి ఇచ్చుకుంటే తగాదా వస్తుందని మావాళ్ళ నమ్మకం, అందుకని ఒక్కొక్కటీ కింద పెట్టాలి, ఆమె తీసుకోవాలి. చెంబుతో నీళ్ళు తెప్పించుకుని చెయ్యి తడుపుకుంది. వంటింట్లో పొడిచెయ్యి ఎవరికుంటుంది, తడిచేతికి జారేది ఇంటికెందుకు అంది. ప్లాస్టిక్ పిడివి జారాయి. మొత్తం స్టీలువి ఇంకా జారాయి. బ్లేడు బిగుసుకున్నవి కాయ వంపు తిరిగిన చోట కండ లాగేశాయి. బ్లేడు మరీ వదులుగా ఊగేవి ఉల్లిపొరలాంటి తొక్కు తీశాయి. అంగడి ముందు మెట్టు మీద నిలబడి తీసిన ప్రతి తొక్కునూ ఎండకు ఎత్తింది. సంచిలో బీరకాయలు అయిపోతే నన్ను సంతలోకి పంపి ఇంకో నాలుగు తెప్పించింది. పెళ్ళికూతురిని, చేతినిండా గాజులతో, బీరకాయలకు!

చివరికి అంగడాయన, ఇంతలా చూశావు ఏదో ఒకటి తీసుకో అమ్మా అన్నాడు. అప్పుడు మా అత్త అన్న మాటకు ఆయన గల్లాపెట్టె మీద తల పెట్టుకున్నాడు. ఈ రోజు శనివారం కదప్పా, ఇనుము కొంటామా, చూడ్డానికొచ్చినాం అంది. శనివారం ఇనుము ఇంటికి తెచ్చుకోకూడదు, అందులోనూ శనిదేవుడు కూతవేటు దూరంలో కూర్చున్న ఊళ్ళో. ఆయనా ఆ ఊరివాడే, కాదనలేడు. మరి పెళ్ళిలోపు మళ్ళీ పావగడ వచ్చే వీలు లేదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

"మీ ఇంట్లో మీ అమ్మ యేది వాడతాది?" అంది అత్త.

అంగడి పైనే వాళ్ళ ఇల్లు. ఆయన నోరు తెరిచేలోపు ఈమె మెట్లు ఎక్కేసింది, వెనక నేను. వంటింట్లో అంగడాయన తల్లి సొరకాయ ముందేసుకుని కూర్చుని ఉంది. మేం ఎవరమో, ఎందుకొచ్చామో ఆమె అడగలేదు. మా అత్త చెప్పలేదు. నేరుగా పోయి ఆమె ఎదుట కూర్చుని, ఆమె తీసి పక్కనేసిన సొరకాయ తొక్కును వేలి మీద వేసుకుని కిటికీలోంచి పడుతున్న ఎండకు ఎత్తింది. ఆ తల్లి చూసింది. తనూ ఒక ముక్క తీసుకుని ఎత్తింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వారు. పుట్టి బుద్ధెరిగాక అంత త్వరగా స్నేహమైపోయిన ఇద్దరిని నేను చూడలేదు.

ఆ పీలరు చూడ్డానికి ఏమీ లేదు. పాతది, స్టీలుది. ఏళ్ళ తరబడి వాడి వాడి బ్లేడు అంచు కొద్దిగా మెత్తబడి చేతికి అలవాటైంది. సందు వెడల్పు. జారకుండా పిడికి ఎర్రదారం దగ్గర దగ్గరగా చుట్టి ఉంది. అత్త నా చేతిలోని బీరకాయ లాక్కుని ఎడమ అరచేత్తో తొడకు ఆనించి ఒక్క లాగు లాగింది. పొడుగ్గా, విరగకుండా, తల నుంచి తోక దాకా వచ్చింది. ఎండకు ఎత్తింది. వెలుతురు వచ్చింది, సూర్యుడు కనపడలేదు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ తర్వాత ఆ వంటింట్లో జరిగినదంతా చెబితే నమ్మరు. తెచ్చిన బీరకాయలన్నింటికీ చెక్కు తీసేసింది. పొయ్యి మీద బాణలి పెట్టేసింది. వాళ్ళు వెల్లుల్లి తినరని తెలిసి ఇంగువ వేసి పచ్చడి నూరింది. అంగడాయన అంగడి వదిలి పైకొచ్చి అన్నంలో కలుపుకుని తింటున్నాడు. కింద ఎవరో గిన్నె కావాలని అరుస్తున్నారు. మా అమ్మ, నాన్న నన్ను వెతుక్కుంటూ బజారంతా తిరుగుతున్నారు. నేను పీట వేసుకుని మూడోసారి వడ్డించుకుంటున్నాను.

శనివారం కొనకూడదు సరే, బదులు తీసుకోవచ్చు కదా అని ఇద్దరు పెద్దవాళ్ళూ కలిసి తేల్చారు. ఎరువు తెచ్చుకున్న వస్తువుకు శని పట్టదట. ఆ తల్లి పీలరును గడప మీద పెట్టింది. మా అత్త గడప మీదినుంచి తీసుకుని బొడ్లో దోపుకుంది. దాన్ని మళ్ళీ తిరిగి ఇవ్వలేదు. ఆ తల్లి అడగనూ లేదు. అత్త బతికినన్నాళ్ళూ ఆ తల్లి ఇంటికి బీరకాయలు, చెనక్కాయలు మాత్రం పోతూనే ఉన్నాయి.

ఇంక నా పెళ్ళి. హిందూపురం వంటమాస్టరు, ఆయన మనుషులు నిలబడే చకచకా చెక్కు తీస్తున్నారు, తొక్కంతా యూరియా సంచిలోకి పోతోంది. అత్త పోయి సంచి మూతి పట్టుకుంది. మాస్టరు, అవ్వా ఇది మా కాంట్రాక్టు, నువ్వు పోయి కూర్చో అన్నాడు. కూర్చుంది. అక్కడే, బీరకాయల కుప్ప పక్కన, కొత్త పట్టుచీరతో నేల మీద. ఎర్రదారం పీలరు తీసింది. పని లేక పందిట్లో గాజులు సర్దుకుంటూ కూర్చున్న ఆడవాళ్ళకు అది చాలింది. ఒకామె వచ్చి పక్కన కూర్చుంది. ఇంకొకామె మాస్టరు చేతిలోని పీలరు అడిగి తీసుకుంది. కాసేపటికి పెరడంతా పట్టుచీరలు. ఆనాడు "ఊరికే కూర్చో పెద్దమ్మా" అన్న ఆ కోడలే తను తీసిన తొక్కును వేలి మీద వేసుకుని వచ్చి, ఇది మందమైందా పెద్దమ్మా అని అడిగింది. అందరూ తొక్కులు ఎండకు ఎత్తారు. అటుపోతున్న మా పురోహితుడు, వీళ్ళంతా ఏ నక్షత్రాన్ని చూస్తున్నారో అర్థంకాక తనూ తలెత్తి చూశాడట.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ముహూర్తం వేళకు నేను అడ్డుతెర ఇవతల పీటల మీద, పొద్దుటినుంచి ఉపవాసంతో కళ్ళు తిరుగుతూ కూర్చుని ఉన్నాను. జడలో పూలు సరిచేసే నెపంతో అత్త వెనకనుంచి వచ్చింది. నిమ్మకాయంత సంగటి ముద్ద, మధ్యలో పచ్చడి, నా నోట్లో కుక్కేసింది. పెరట్లో పనిచేసినవాళ్ళకే అది దక్కాలి గానీ, నేను పావగడ సంతనుంచి బీరకాయలు మోసుకొచ్చాను కాబట్టి నాకూ హక్కుందట. చెవిలో ఆ మాట చెప్పి మాయమైంది.

నమిలాను. అబ్బా, ఏం కారం! ఆ సంతోషంలో ఎన్ని మిరపకాయలు వేసిందో. నీళ్ళు అడగడానికి లేదు, ఉమ్మడానికి లేదు. కళ్ళనుంచి ధారలు కట్టాయి, ముక్కు కారింది. సరిగ్గా అప్పుడే తెర తీశారు. నన్ను చూసి మా అమ్మ ఏడ్చింది. అమ్మను చూసి నాన్న కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. పెళ్ళికొడుకు తల్లి లేచి వచ్చి, మా నిడుగల్లు ఎంత దూరమమ్మా, రోజూ బస్సుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు పుట్టింటికి పోవచ్చు అని నా వీపు నిమిరింది. వీడియో తీసే ఆయన కెమెరా నా ముఖం మీదికి తెచ్చేశాడు. ఆ వీడియోలో ఇప్పటికీ ఆ చోట విషాద సంగీతం వస్తుంది.

పెళ్ళికొడుకు కాస్త ముందుకు వంగి, ఏమైందని మెల్లగా అడిగాడు.

"కారం" అన్నాను.

మా ఆయనతో నేను మాట్లాడిన మొదటి మాట అదే. పందిట్లో అంతమందిలో ఆయన ఒక్కడికే నిజం తెలుసు. ఎవరికీ చెప్పలేదు. చెప్పాను కదా, నెమ్మదస్తుడు.

ఆ తర్వాత అత్తను ఊరికే కూర్చోమన్నవాళ్ళు లేరు. ఎర్రదారం పీలరు బొడ్లో దోపుకుని తిరగని పెళ్ళి లేదు. ఈమధ్య చిన్న జ్వరమే అనుకున్నాం, మనిషే పోయింది. పోయే ముందు వారం కూడా ఎవరిదో సీమంతంలో చెక్కు తీసి వచ్చిందట.

దినాల రోజు పొద్దున్నే పోయాను. బావ లోపలికి పోయి పీలరు తెచ్చి, నా చేతికి ఇవ్వకుండా, నా ముందు నేల మీద పెట్టి వెళ్ళిపోయాడు. దారం చాలాసార్లు మార్చినట్టుంది, ఎరుపు మాత్రం అదే. తీసుకుని పెరట్లో కూర్చున్నాను. మొదటి తొక్కు తీయగానే నా చెయ్యి దానంతట అదే పైకి లేచింది. అటు చూస్తే ఇంకో ఇద్దరి చేతులు కూడా లేచి ఉన్నాయి. ముగ్గురం నవ్వుకున్నాం. బావకు కడుపులో పుండు, కారం తగలకూడదని డాక్టరు చెప్పాడు. అందుకని మిరపకాయలు పేరుకు రెండే వేసి నూరాను.

ఆకులో అన్నీ వడ్డించి పటం ముందు పెట్టారు. పటంలో అత్త పట్టుచీర కట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఊరికే కూర్చుని ఉంది. ఆమెను అలా ఎప్పుడూ చూడలేదు నేను. ఆ చేతుల్లో ఏమీ లేకపోవడం చూడ్డం నా వల్ల కాలేదు.

తర్వాత పంక్తిలో కూర్చున్నాం. సంగటిలో గుంట చేసి పచ్చడి పెట్టుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నాను. కళ్ళనుంచి ధారలు కట్టాయి, ముక్కు కారింది, అచ్చం ఆ రోజులాగే. పక్కన మా ఆయన అప్పటికే పచ్చడి రెండోసారి వేయించుకుని తింటున్నాడు. నా వైపు వంగి, ఏమైందని మెల్లగా అడిగాడు.

"కారం" అన్నాను.

ఆయన తన ఆకులోని పచ్చడి వంక ఒకసారి చూసుకున్నాడు. తన నీళ్ళ గ్లాసు నా వైపు జరిపాడు.